ఒక రోగి, పది చేతులు: వైద్య సమన్వయాన్ని కొలవడం ఎలా?

దాదాపు ప్రతి ఇంట్లోనూ బీరువా పైనో, మంచం కిందనో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అమ్మ రక్తపరీక్షల కాగితాలు, నాన్న ఎక్స్‌రేలు, ఏనాటివో మందుల చీటీలు, సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు అన్నీ అందులోనే ఉంటాయి. జబ్బు ముదిరి పెద్ద ఆసుపత్రికి బయలుదేరవలసి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ముందుగా వెతికేది ఆ సంచి కోసమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నుండి హైదరాబాదుకు వైద్యం కోసం ప్రయాణమయ్యేవారి చేతుల్లో ఆ సంచి కనిపిస్తూనే ఉంటుంది.

ఆ సంచి మన వైద్య వ్యవస్థను గురించిన ఒక సత్యాన్ని తెలియజేస్తోంది. ఒక వైద్యుని దగ్గర నుండి మరొక వైద్యుని దగ్గరకు రోగి సమాచారాన్ని చేరవేసే బాధ్యత నేటికీ చాలావరకు రోగి కుటుంబం మీదనే ఉంది. ఆ కుటుంబంలో చదువుకున్నవారు ఉంటే సమాచారం చేరుతుంది. లేకపోతే దారిలోనే జారిపోతుంది. జారిపోయినది కేవలం ఒక కాగితమే అయితే విచారించవలసిన పని లేదు. కాని కొన్ని సందర్భాలలో ఆ కాగితంతోపాటు ఒక మూత్రపిండం, ఒక కంటిచూపు, ఒక ప్రాణం కూడా జారిపోతాయి.

మంచి వైద్యుడు ఎక్కడ ఉన్నాడని మనం తరచుగా అడుగుతాము. ఈ వైద్యులందరూ కలిసి ఎంత బాగా పనిచేస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్నకు జవాబును లెక్కించి చెప్పవచ్చునా? చెప్పవచ్చును. ప్రపంచంలో ఆ ప్రయత్నం చాలాకాలంగా జరుగుతూనే ఉంది. మన ఇళ్ళలో, మన మహల్లాలలో కూడా కొంతవరకు అది సాధ్యమే.

మూడు పట్టణాలు, అనేక ద్వారాలు

2016 అక్టోబరు 11న పూర్వపు నల్గొండ జిల్లాను విభజించినప్పుడు సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయింది. కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. 2019లో నల్గొండ, సూర్యాపేట పట్టణాలు రెండింటిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. లోగడ హైదరాబాదుకో, విజయవాడకో పోక తప్పని ఎన్నో వ్యాధులకు ఇప్పుడు జిల్లా కేంద్రంలోనే నిపుణులు ఉన్నారు. ఇది హర్షించదగిన పరిణామమే.

అయితే ద్వారాలు పెరిగినకొద్దీ ఒక ద్వారానికీ మరొక ద్వారానికీ మధ్య ఉండే నడవలు కూడా పెరుగుతాయి. పల్లెలోని ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్రజారోగ్య సంచాలకుల విభాగం కింద పనిచేస్తాయి. మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రి వంటివి వైద్య విధాన పరిషత్తు పాలనలో నడుస్తూ వచ్చాయి. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి వైద్య విద్యా విభాగం కిందికి వస్తుంది. అంటే పల్లె నుండి జిల్లా కేంద్రానికి చేరేలోపు ఒక రోగి మూడు పరిపాలనా శాఖల గడపలు దాటవలసి ఉంటుంది. ప్రతి శాఖకూ తన రిజిస్టర్లు, తన లెక్కలు, తన పై అధికారులు ఉంటారు.

ఇది ప్రభుత్వ రంగానికి సంబంధించిన చిత్రం మాత్రమే. వాస్తవంలో మన కుటుంబాలు ఒకే దారిలో నడవవు. జ్వరం వస్తే మొదట తట్టేది ఊరిలోని ఆర్‌ఎంపీ తలుపు. తగ్గకపోతే పట్టణంలోని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు వెళతారు. డబ్బులు అయిపోతే ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ వరుస పెద్దదైతే మందుల దుకాణం. మధ్యలో ఎవరో చెప్పారని యునానీ, హోమియో మందులు. కోదాడ వాసులు ఖమ్మానికీ విజయవాడకూ పోతారు. మిర్యాలగూడ వాసులు నల్గొండకో, హైదరాబాదుకో, గుంటూరుకో పోతారు. రాష్ట్రం సరిహద్దు దాటిన రోగి వెనుక అతని కాగితాలు తమంతట తాము నడచి రావు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు పెద్ద అండ. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. కాని ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల ఖర్చును చూస్తుంది. చికిత్స ముగిసి ఇంటికి చేరిన తరువాత ఏ మందు కొనసాగించాలో, ఏది ఆపాలో ఊరిలోని వైద్యునికి ఎవరు చెప్పాలి? అక్కడే లంకె తెగిపోతోంది.

ముగ్గురూ తప్పు చేయలేదు, అయినా ముప్పు తప్పలేదు

ఒక ఉదాహరణ ఊహించుకుందాము. అరవై ఏళ్ళు దాటిన ఒక తల్లికి రక్తపోటు ఉంది. జనరల్ ఫిజీషియన్ ఆమెకు టెల్మిసార్టాన్ మాత్ర రాశారు. అది సరైన మందే. కొంతకాలానికి కాళ్ళు వాచాయని చూపిస్తే మరొక వైద్యుడు శరీరంలోని నీటిని తగ్గించే మాత్ర రాశారు. అది కూడా తగిన మందే. ఆ తరువాత మోకాళ్ళ నొప్పులకు మూడవ వైద్యుడు డైక్లోఫెనాక్ ఇచ్చారు. నొప్పికి అందరూ వాడే మందు అది. ఎవరి చీటీని వారి చీటీగా చూస్తే దేనిలోనూ దోషం కనిపించదు. కాని ఈ మూడు రకాల మందులూ ఒకే శరీరంలో కలిసినప్పుడు, ముఖ్యంగా వృద్ధులలో, వేసవిలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉందని వైద్యశాస్త్రం హెచ్చరిస్తోంది.

ఇక్కడ అపరాధి ఎవరు? విడివిడిగా చూస్తే ఎవరూ కారు. ప్రమాదం ఏ ఒక్క వైద్యుని గదిలోనూ జరగలేదు. గదికీ గదికీ మధ్య జరిగింది. ఆ మధ్యస్థలం ఎవరి బాధ్యత కిందా లేదు కనుక ఎవరి లెక్కలోకీ రాలేదు. సమన్వయాన్ని కొలవవలసిన అవసరం ఇక్కడే మొదలవుతుంది. లెక్కకు రాని నష్టాన్ని ఎవరూ సరిదిద్దరు.

(మందులు వాడుతున్న పాఠకులకు ఒక మనవి: పై మాటలు చదివి ఏ మందునూ స్వయంగా మానవద్దు. మీరు వాడుతున్న మందులన్నీ ఒకే వైద్యునికి చూపించి సలహా తీసుకోండి.)

ఎక్కడ జారిపోతున్నారో లెక్క చెబుతుంది

ఇటువంటి లెక్క ఎంత కళ్ళు తెరిపించగలదో క్షయవ్యాధి విషయంలో మన దేశం చూసింది. 2013 నాటి పరిస్థితిపై పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం 2016లో ప్రచురితమైంది. దేశంలో సుమారు 27 లక్షల మంది క్షయరోగులు ఉన్నారనుకుంటే, వారిలో ఎంతమంది ప్రభుత్వ కార్యక్రమంలో ఏ మెట్టు దాకా చేరారో ఆ అధ్యయనం అంచనా వేసింది. పరీక్షకు వచ్చినవారు 72 శాతం. వ్యాధి నిర్ధారణ అయినవారు 60 శాతం. చికిత్సకు నమోదైనవారు 53 శాతం. చికిత్స పూర్తి చేసినవారు 45 శాతం. ఆ తరువాత ఏడాదిపాటు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 39 శాతం.

ఈ అంకెలను నిదానంగా గమనించండి. వ్యాధి నిర్ధారణ అయినవారికీ చికిత్సకు నమోదైనవారికీ మధ్య 7 శాతం తేడా ఉంది. వీరికి క్షయ ఉందని తేలింది. మందు ఉచితంగా సిద్ధంగా ఉంది. అయినా ప్రయోగశాల నుండి మందులిచ్చే కేంద్రానికి పోయే ఆ కొద్దిపాటి దూరంలో లక్షన్నరకు మించిన మనుషులు తప్పిపోయారు. మందు లేక కాదు, వైద్యుడు లేక కాదు, ఒక చేతి నుండి మరొక చేతికి అప్పగింత సరిగా జరగక.

2012లోనే క్షయ రోగుల వివరాలను ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలపాలని నియమం వచ్చింది. అదే ఏడాది నిక్షయ్ అనే కంప్యూటర్ నమోదు విధానం కూడా మొదలైంది. ఒక రోగి ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో చూడగలిగే ఏర్పాటు క్షయకు ఉన్నట్లు మధుమేహానికీ, మూత్రపిండాల జబ్బుకూ, గుండె జబ్బుకూ కూడా ఉంటే ఎంత మేలు!

ప్రసవాల విషయం కూడా ఇటువంటిదే. తల్లులు మరణించడానికి మూడు ఆలస్యాలు కారణమని నిపుణులు 1994లోనే సూత్రీకరించారు. ఆసుపత్రికి పోవాలని నిర్ణయించడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక సరైన చికిత్స అందడంలో ఆలస్యం. రెండవ ఆలస్యాన్ని తగ్గించడంలో 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ పాత్ర గొప్పది. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రతి లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు మరణించారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 97. మిగిలిన మరణాలను తగ్గించాలంటే మూడవ ఆలస్యంపై దృష్టి పెట్టాలి. అంబులెన్సు బయలుదేరేటప్పుడే పై ఆసుపత్రికి ఫోను వెళ్ళిందా? రక్తం గ్రూపు చెప్పారా? ఇవీ లెక్కించదగిన విషయాలే.

కొలిచే పద్ధతులు

సమన్వయం కంటికి కనిపించే వస్తువు కాదు. అందుకని అమెరికా ప్రభుత్వానికి చెందిన ఆరోగ్య పరిశోధనా సంస్థ ఒకటి దానిని కొలిచే సాధనాలన్నిటినీ సేకరించి ఒక పెద్ద సంకలనంగా వెలువరించింది. అది చెప్పే మూలసూత్రం ఒకటే: ఒకే విషయాన్ని మూడు కళ్ళతో చూడాలి. రోగి, అతని కుటుంబం ఏమి అనుభవించారన్నది ఒకటి. వైద్యులు, నర్సులు ఏమి గమనించారన్నది రెండవది. వ్యవస్థలోని రికార్డులు ఏమి చెబుతున్నాయన్నది మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానినో నమ్ముకుంటే సగం నిజమే తెలుస్తుంది.

వైద్యులూ నర్సులూ ఒకరితో ఒకరు ఎలా పనిచేస్తున్నారో కొలవడానికి జోడీ హోఫర్ గిటెల్ అనే పరిశోధకురాలు ఏడు అంశాలను ఎంచుకున్నారు. మాట్లాడుకోవడం తరచుగా ఉందా, సకాలంలో ఉందా, ఖచ్చితంగా ఉందా, సమస్య వచ్చినప్పుడు నింద మోపడానికి కాక పరిష్కారానికి మాట్లాడుతున్నారా అన్నవి నాలుగు. అందరి లక్ష్యమూ ఒకటేనా, ఒకరి పని మరొకరికి తెలుసా, పరస్పర గౌరవం ఉందా అన్నవి మూడు. ఆమె ఈ పద్ధతిని మొదట విమానయాన సంస్థల సిబ్బందిని పరిశీలిస్తూ రూపొందించారు. తరువాత తుంటి, మోకాలి కీళ్ళ మార్పిడి జరిగే తొమ్మిది ఆసుపత్రులలో పరీక్షించారు. 2000లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సిబ్బంది మధ్య సమన్వయం బాగున్నచోట రోగులు ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గాయి, ఆపరేషన్ తరువాతి నొప్పి కూడా తక్కువగా ఉంది. గౌరవం, మర్యాద వంటి మాటలు నీతిబోధలకే పరిమితమనుకుంటాము. అవి రోగి నొప్పిని కూడా ప్రభావితం చేస్తాయని ఈ లెక్కలు సూచించాయి.

వెళ్ళే ఉత్తరం, తిరిగివచ్చే ఉత్తరం

ఇంత పెద్ద సాధనాలు మన జిల్లాలకు అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. అన్నిటికంటే సులువైన కొలమానం మన దేశపు నిబంధనలలోనే ఉంది. భారత వైద్య మండలి 2002లో జారీ చేసిన వృత్తి ధర్మ నిబంధనల ప్రకారం, ఒక వైద్యుడు రోగిని నిపుణుని వద్దకు పంపేటప్పుడు రోగ వివరాల సంగ్రహాన్ని రాసి ఇవ్వాలి. ఆ నిపుణుడు తన అభిప్రాయాన్ని, పంపిన వైద్యునికి రాతపూర్వకంగా తెలియజేయాలి. అంటే ఒక ఉత్తరం పోవాలి, ఒక ఉత్తరం తిరిగి రావాలి.

ఈ రెండు ఉత్తరాలను లెక్కిస్తే చాలు. నెలకు ఎంతమందిని పై ఆసుపత్రికి పంపారు? వారిలో ఎంతమంది చేతిలో వివరంగా రాసిన చీటీ ఉంది? ఎంతమంది నిజంగా అక్కడికి చేరారు? ఎంతమంది విషయంలో జవాబు వెనక్కి వచ్చింది? ఈ నాలుగు అంకెలు ప్రతి ఆసుపత్రి గోడ మీద నెలనెలా రాస్తే ఆ ప్రాంతపు సమన్వయం ఎంతటిదో ఇట్టే తెలిసిపోతుంది. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక రిజిస్టరు, దానిని నింపాలన్న సంకల్పం చాలు.

అవే నిబంధనలు రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ నిషేధించాయి. ఎవరు ఎవరిని ఎక్కడికి పంపుతున్నారు, ఎందుకు పంపుతున్నారు అన్నది రాతలోకి వస్తే చీకటి వ్యవహారాలకు చోటు తగ్గుతుంది. పారదర్శకత మంచి వైద్యునికి రక్షణ కూడా.

మన గడ్డ మీది నమూనాలు

కలిసి పనిచేయడం తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన సేవలను పిరమిడ్ ఆకారంలో నిర్మించుకుంది. సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, 5 లక్షల జనాభాకు ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి, వాటిపైన పెద్ద ఆసుపత్రులు. 1996లో ఆదిలాబాద్ ప్రాంతంలోని ముధోల్‌లో తొలి గ్రామీణ ఆసుపత్రి మొదలైంది. కింది కేంద్రంలో చూసినవారు ఎవరిని ఎక్కడికి పంపాలో ముందే నిర్ణయమై ఉండటమే దాని బలం.

రక్తపోటు విషయంలో 2017 నవంబరులో మొదలైన జాతీయ కార్యక్రమంలో తొలి విడతకు ఎంచుకున్న ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఎన్ని మాత్రలు పంచామన్నది అక్కడ విజయానికి కొలత కాదు. నమోదైనవారిలో ఎంతమందికి రక్తపోటు అదుపులోకి వచ్చింది, ఎంతమంది తిరిగి రాకుండా ఆగిపోయారు అన్నదే కొలత. రానివారి పేర్లు బయటపడితేనే వారిని వెతికి తేగలరు.

ఇంకా వెనక్కి చూస్తే, 9వ శతాబ్దపు వైద్యుడు ఇస్‌హాఖ్ బిన్ అలీ అల్ రుహావీ అరబ్బీలో రాసిన ‘అదబ్ అత్తబీబ్’ అనే గ్రంథంలో ఒక విశేషం కనిపిస్తుంది. రోగిని చూసిన ప్రతిసారీ వైద్యుడు అతని స్థితినీ ఇచ్చిన మందునూ రాసిపెట్టాలని, అవసరమైతే ఆ రాతలను ఇతర వైద్యులు పరిశీలించాలని అందులో ఉంది. రోగి సమాచారం ఒక అమానత్ అనీ, దానికి జవాబుదారీ ఉందనీ వెయ్యేళ్ళకు పూర్వమే వైద్యులు ఆలోచించారు.

రమజానుకు ముందు ఒక పరీక్ష

మన ఇళ్ళలో సమన్వయం ఎంత ఉందో తెలుసుకోవడానికి రమజాను మాసం ఒక మంచి సందర్భం. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, మధుమేహం-రమజాను కూటమి కలిసి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఉపవాసాలు ఉండదలచిన మధుమేహ రోగులు రమజానుకు 6 నుండి 8 వారాల ముందే వైద్యుని సంప్రదించాలి. వైద్యుడు వయసు, మూత్రపిండాల స్థితి, ఇన్సులిన్ వాడకం, గతంలో షుగర్ బాగా పడిపోయిన అనుభవం వంటివి చూసి ప్రమాద స్థాయిని అంకెలతో లెక్కిస్తారు. ఆ లెక్క సరిగా రావాలంటే మూత్రపిండాల వైద్యుడు ఏమన్నారో, గుండె వైద్యుడు ఏ మందు మార్చారో షుగర్ వైద్యునికి తెలిసి ఉండాలి. సహరీకి ఏ మాత్ర, ఇఫ్తారుకు ఏ మాత్ర అన్నది ఒకరు మాత్రమే నిర్ణయించి మిగిలినవారికి తెలియజేయాలి. ధర్మపరమైన సందేహాలకు ఆలింలను, ఆరోగ్యపరమైన నిర్ణయానికి వైద్యుని అడగాలి. ఇద్దరి మాటలూ వినకుండా పట్టుదలకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఉచితం కాదు.

కొలతకూ హద్దులున్నాయి

లెక్కలు సర్వరోగ నివారిణి కావు. ఉత్తరాల సంఖ్యకే మార్కులు వేస్తే, ఎవరూ చదవని ఉత్తరాలు కుప్పలుగా పడతాయి. గడులు నింపడమే పని అయితే నర్సు రోగి ముఖం చూడటం మానేసి కాగితం చూస్తుంది. రోగి సంతృప్తినే కొలిస్తే, అడిగిన ఇంజెక్షన్ అడిగినట్లు ఇచ్చేవారే మంచి వైద్యులుగా తేలుతారు. అందువల్ల కొలతను శిక్షించడానికి వాడకూడదు. లంకె ఎక్కడ తెగిందో తెలుసుకుని ముడి వేయడానికి వాడాలి. పై ఆసుపత్రిలో పని ఒత్తిడి వల్ల జవాబు రాయలేకపోతున్నారని తేలితే, అవసరమైనది నింద కాదు, రాయడానికి మరొక మనిషి.

కుటుంబం చేయదగినవి

వ్యవస్థ మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు.

• ఆ ప్లాస్టిక్ సంచిని ఒక ఫైలుగా మార్చండి. తేదీల వరుసలో కాగితాలు పెట్టండి. మొదటి పేజీలో జబ్బుల పేర్లు, పడని మందులు, రక్తం గ్రూపు రాయండి.

• వాడుతున్న మందులన్నీ ఒకే కాగితంపై రాసి ప్రతి వైద్యునికీ చూపించండి. దుకాణంలో సొంతంగా కొన్న నొప్పి మాత్రలు, యునానీ, ఆయుర్వేద మందులు కూడా దాచకుండా రాయండి.

• పై ఆసుపత్రికి పొమ్మన్నప్పుడు ఎందుకు పంపుతున్నారో చీటీపై రాయించుకోండి. తిరిగి వచ్చాక డిశ్చార్జి సమ్మరీని మొదటి వైద్యునికి చూపించండి.

• ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను వైద్యులు మూడేళ్ళు భద్రపరచాలనీ, అడిగిన 72 గంటలలోపు ఇవ్వాలనీ 2002 నిబంధనలు చెబుతున్నాయి. మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

• 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్య తీసుకోవచ్చు. మీ అనుమతితోనే రికార్డులు ఇతర వైద్యులకు కనిపిస్తాయి.

మహల్లా చేయదగినది

ఒక మస్జిదు కమిటీయో, యువకుల బృందమో పూనుకుంటే తమ మహల్లాలో గత ఆరు నెలల్లో పై ఆసుపత్రికి వెళ్ళివచ్చిన ముప్పై మందిని నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. మీ చేతికి చీటీ ఇచ్చారా? అక్కడి వైద్యుడు దానిని చదివారా? చేసిన పరీక్షలే మళ్ళీ చేయించారా? ఇంటికి వచ్చాక ఏ మందు వాడాలో స్పష్టంగా తెలిసిందా? పేర్లు రాయవద్దు, జబ్బు వివరాలు బయట చెప్పవద్దు. పరుల రహస్యం కూడా అమానతే. ముప్పై మంది జవాబులు శాస్త్రీయ పరిశోధన కావు. అయినా వాటిని పట్టుకుని ఆసుపత్రి సూపరింటెండెంట్‌ను కలిస్తే మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ‘మాకు సరిగా చూడటం లేదు’ అన్న ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది. ‘ముప్పై మందిలో ఇంతమందికి చీటీ అందలేదు’ అన్న మాటకు జవాబు చెప్పక తప్పదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఇప్పుడు వైద్యులు ఉన్నారు, పరికరాలు ఉన్నాయి, రహదారి ఉంది. ఒకరు ప్రారంభించిన చికిత్సను మరొకరు తెలుసుకుని కొనసాగించే అలవాటు ఇంకా బలపడవలసి ఉంది. అది ఎంతవరకు వచ్చిందో ఏడాదికోసారి లెక్క చూసుకునే సంప్రదాయం ఏర్పడితే, ఆ ప్లాస్టిక్ సంచి బరువు మన భుజాల మీద నుండి కొంతైనా దిగుతుంది, ఇన్షా అల్లాహ్.